బస్తరు మహారాణి ప్రఫుల్లకుమారీ దేవి
(సంఘ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



కాకతీయులనగనే తెలుగువారి మనస్సున మెదలునవి ఓరుగల్లు కోట, వేయిస్తంభముల గుడి, రామప్ప దేవాలయము, పాకాల చెరువు. వ్యక్తులలో మొదట తలపునకు వచ్చునది రుద్రమదేవి. 1323వ సంవత్సరమున ఓరుగల్లు ఢిల్లీ సైన్యముల వశమగుటతో ఆ వంశకథ ముగిసినదని మన పాఠ్యపుస్తకములు చెప్పి ఊరకుండును. కాని ఆ వంశమునకు చెందినవారమని చెప్పుకొనిన రాజకుటుంబమొకటి గోదావరికి ఉత్తరమున, ఇంద్రావతీ తీరమున, ఇరువదవ శతాబ్దము వరకును రాజ్యము చేసెను. ఆ కుటుంబమున సింహాసనమెక్కిన ఏకైక స్త్రీ ప్రఫుల్లకుమారీ దేవి. రుద్రమ పేరెరుగని తెలుగు బాలుడు లేడు. ప్రఫుల్లకుమారి పేరు విన్న తెలుగు పెద్దలు మాత్రము అరుదు. నేటి ప్రసంగమునకు ఆమె జీవితమే విషయము.

బస్తరు మనకు దూరదేశము కాదు. కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి జగదల్పూరు ప్రక్కగా ప్రవహించి, చిత్రకూట జలపాతమై దుమికి, అడవులగుండ పడమటికి సాగి, తుదకు గోదావరిలో కలియును. శబరి నదియు ఆ సీమను ఒరసికొనుచు వచ్చి కూనవరము వద్ద గోదావరిని చేరును. భోపాలపట్టణము, కోంటా ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడును. ఆంగ్లేయుల కాలమున ఆ సంస్థానము 13,062 చదరపు మైళ్ల వైశాల్యము గలది. అనగా ఐరోపాలోని బెల్జియము దేశముకంటె పెద్దది. 1931 జనాభా లెక్కల ప్రకారము అందలి ప్రజలు 5 లక్షల 24 వేల పైచిలుకు మాత్రమే. వారిలో అధికసంఖ్యాకులు మురియ, మాడియ, హల్బ, భత్ర, దోర్ల మొదలగు తెగల ఆదివాసులు. ఆ సంస్థానము 1948వ సంవత్సరము జనవరి 1వ తేదీన నాటి మధ్యపరగణాలలో విలీనమాయెను. 2000వ సంవత్సరము నుండి ఆ ప్రాంతము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున చేరియున్నది.

ఓరుగల్లునకు, బస్తరునకు గల సంబంధమును తెలుపు కథ ఒకటి దంతేవాడలో అందరి నోటను వినబడును. ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు రాజ్యము పోయిన పిదప ఉత్తరమునకు బయలుదేరెనట. కులదేవత అతని వెంట నడచి వత్తునని మాట ఇచ్చి, వెనుకకు తిరిగి చూడరాదని నియమము విధించెనట. అతడు ముందు నడచుచుండగా వెనుక అందెల చప్పుడు వినవచ్చుచుండెను. శంఖిని, డంకిని నదుల సంగమమున అందెలు ఇసుకలో కూరుకొని చప్పుడు ఆగెను. అన్నమదేవుడు శంకించి వెనుదిరిగి చూచెను. దేవి అక్కడనే నిలిచిపోయెను. ఆమెయే దంతేశ్వరి. ఇది జనశ్రుతి. అయినను, అన్నమరాజు ఓరుగల్లును వీడి బస్తరు చేరెనను వంశకథనము 1703వ సంవత్సరము నాటి దిక్పాలదేవుని దంతేవాడ శాసనమునను కలదు. చరిత్రకారులలో ఈ వంశక్రమమును ప్రశ్నించువారు లేకపోలేదు. కాని మూడువందల యేండ్లకు పూర్వమే ఆ రాజులు తమ మూలమును ఓరుగల్లున చూచుకొనిరనుట నిర్వివాదము.

దేవాలయములకు రాణులు దానములు చేయుట ఆ సీమలో కాకతీయులతో మొదలైన ఆచారము కాదు. వారికి ముందు చక్రకూట మండలమును ఏలిన ఛిందక నాగవంశీయుల కాలముననే అది కానవచ్చుచున్నది. నారాయణపాల శాసనము 1111వ సంవత్సరము నాటిది. ధారావర్షుని పట్టమహిషియు, సోమేశ్వరదేవుని తల్లియునగు గుండమహాదేవి, మనుమడు కన్హరదేవుడు రాజ్యము చేయుచుండగా నారాయణస్వామికి గ్రామమును, లోకేశ్వరునికి భూమిని సమర్పించినట్లు అది తెలుపుచున్నది. భర్త, కుమారుడు గతించిన పిదపను ఆ వృద్ధరాణి దానము రాజశాసనముగా చెల్లెను. బారసూరులో దొరకిన మరియొక శాసనము మనకు ఇంకను ప్రీతికరమైనది. ఏలననగా అది తెలుగు శాసనము. సోమేశ్వరదేవుని రాణి గంగమహాదేవి వీరసోమేశ్వరము, గంగాధరేశ్వరము అను రెండు శివాలయములను కట్టించి గ్రామదానము చేసినట్లు అందు వ్రాయబడినది. అరణ్యమధ్యమున ఒక రాణి తన ధర్మమును తెలుగు మాటలలో రాతిపై నిలుపుకొనెనన్నమాట.

ఇక ఓరుగల్లు రుద్రమదేవి దానమునకు నిదర్శనము గుంటూరు సీమలోని మల్కాపుర శాసనము. దాని కాలము 1261. గణపతిదేవుడు ఇచ్చిన మందడ గ్రామమును స్థిరపరచి, దానికి తోడు వెలగపూడి గ్రామమును జేర్చి, రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యులకు సమర్పించెను. ఆ ఆదాయముతో దేవాలయము, మఠము, విద్యామండపము, అన్నసత్రము నడచుటయే గాక, ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ నడచునట్లు ఏర్పాటు చేయబడెను. వేదములు, వ్యాకరణము, సాహిత్యము, ఆగమములు మొదలగు శాస్త్రములు బోధించువారికిని, వైద్యునికిని, లెక్కలు వ్రాయు కాయస్థునికిని భూములు కేటాయింపబడెను. దేవుని గుడి, పిల్లల చదువు, బాలింత మంచము – ఈ మూడును ఒకే ధర్మపత్రమున చేరినవి. ఆంధ్రప్రదేశ్ సచివాలయము నేడు నడచుచున్నది ఆ వెలగపూడి గ్రామముననే. దస్త్రములు నడపు ఉద్యోగివర్గము ఈ విషయమును జ్ఞప్తియందుంచుకొనదగును.

రుద్రమ కాలమునకును ప్రఫుల్లకుమారి కాలమునకును నడుమ ఆరువందల యేబది యేండ్లకు పైబడిన అంతరము కలదు. అయినను ఇరువురి జీవితములలోను చిత్రమైన పోలికలు కొన్ని కనబడును. గణపతిదేవునికి పుత్రసంతానము లేదు. కూతురు రాజ్యమునకు వచ్చెను. బస్తరు రాజు రుద్రప్రతాపదేవునికిని పుత్రసంతానము లేదు. అక్కడను కూతురే రాజ్యమునకు వచ్చెను. ఆ తండ్రి పేరుననే ప్రతాపరుద్రుని పేరు ప్రతిధ్వనించుచున్నది. పోలిక అంతటితో ఆగును. రుద్రమకు సింహాసనముతోపాటు ఖడ్గము, ముద్రిక, కోశాగారము సంక్రమించినవి. ప్రఫుల్లకుమారికి సంక్రమించినది సింహాసనము మాత్రమే.

ఆమె తండ్రి కాలమును కొంత తెలిసికొననిదే ఆమె స్థితి బోధపడదు. రుద్రప్రతాపదేవుడు 1891లో బాల్యముననే రాజై, 1908లో అధికారమును చేపట్టెను. జగదల్పూరును విశాలమైన వీథులతో, కూడళ్లతో తీర్చిదిద్దినవాడనియు, అక్కడ గ్రంథాలయమును నెలకొల్పినవాడనియు అతనికి పేరు. కాని 1910వ సంవత్సరమున బస్తరు అంతటను ఆదివాసుల తిరుగుబాటు చెలరేగెను. దానిని వారు భూమ్‌కాల్ అందురు. గుండాధుర్ అను నాయకుని పేరు నేటికిని పాటలలో నిలిచియున్నది. అడవులను ప్రభుత్వము ప్రత్యేకించి బిగించుట, వెట్టిచాకిరి, చిల్లర యుద్యోగుల పీడన – ఇవి దానికి ముఖ్య కారణములు. వీనితోపాటు బలవంతపు బడియు ఒక కారణమాయెను. పిల్లలను బడికి పంపుడని అధికారులు నిర్బంధించిరి. బడి పేరున పల్లెలపై భారము మోపబడెను. తిరుగుబాటుదారులు పోలీసు ఠాణాలతోపాటు పాఠశాలలను కూడ తగులబెట్టిరి.

ఇది ఆలోచింపదగిన సంగతి. విద్య యెంతటి మేలైనను, అడుగనివాని ఇంటికి జవానుతో పంపినచో అది జరిమానా వలె కనబడును. బస్తరు పల్లెవాడు అక్షరమును ద్వేషింపలేదు. అక్షరముతోపాటు వచ్చిన అధికారమును ద్వేషించెను. ఆ తిరుగుబాటు అణచబడిన పదునొకండేండ్లకు, 1921వ సంవత్సరము నవంబరులో, రుద్రప్రతాపదేవుడు మరణించెను. పండ్రెండేండ్లు నిండని ప్రఫుల్లకుమారి వారసురాలాయెను. కాలిన బడుల జ్ఞాపకము ఇంకను చల్లారని రాజ్యమునకు ఒక బాలిక రాణి యయ్యెను.

బస్తరు ప్రజలకు బాలిక సింహాసనమెక్కుట వింతగా తోచియుండకపోవచ్చును. అక్కడి దసరా ఉత్సవము లోకప్రసిద్ధము. శ్రావణమునకు ముందు వచ్చు హరేళి అమావాస్య నాడు ఆరంభమై డెబ్బదియైదు దినములు సాగును. రావణవధతో దానికి సంబంధము లేదు. అది దంతేశ్వరీ దేవి పండుగ. ఆ ఉత్సవము రథముతో ముందునకు సాగుటకు కాఛన్ దేవి అనుమతి కావలెను. మిర్గాన్ కులమునకు చెందిన ఒక చిన్న బాలికపై ఆ దేవి పూనునని నమ్మకము. ముండ్లతో అల్లిన ఉయ్యాలపై ఆ బాలికను పరుండబెట్టుదురు. రాజకుటుంబమువారు చేతులు జోడించి ఆమె యెదుట నిలిచి అనుమతి వేడుదురు. ఆమె అనుగ్రహించిన పిదపనే పండుగ. సంవత్సరమునకు ఒకసారి రాజు ఒక పేదయింటి పసిపిల్ల యెదుట తలవంచు దేశమున, పసిపిల్ల రాణి యగుట అధర్మమని ఎవరనగలరు?

కాని అధికారము ఆంగ్ల ప్రభుత్వము చేతిలో నుండెను. ఆమె మైనారిటీ కాలమున వారు నియమించిన అధికారులే సంస్థానమును నడపిరి; తరువాతను పగ్గములు వారి చేతినుండి జారలేదు. 1927 నుండి 1931 వరకు పరిపాలకుడుగా నుండిన విల్‌ఫ్రెడ్ గ్రిగ్‌సన్ మాడియ గోండులను గూర్చి 1938లో ఒక ప్రామాణిక గ్రంథము ప్రకటించెను. అతడు ఆదివాసుల కష్టమును గుర్తించిన ఉద్యోగి. తరువాత హైదరాబాదు సంస్థానమున రెవిన్యూ వ్యవహారములను చూచునపుడు ఆ అనుభవము తెలుగునాటికిని కొంత ఉపకరించెను. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ ప్రోత్సాహమున 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలాయెను. గోండు బిడ్డకు గోండీ భాషలో, గోండు గురువే చదువు చెప్పవలెనను పద్ధతి అది. బస్తరులో బడులు కాలిన ముప్పదిమూడేండ్లకు, నిర్బంధమునకు బదులు నమ్మకముతో విద్య నేర్పవచ్చునని ఆ ప్రయత్నము చూపెను.

ఆనాటి ఇతర రాణులతో పోల్చినచో ప్రఫుల్లకుమారి స్థితి ఇంకను స్పష్టమగును. భోపాలు బేగము సుల్తాన్ జహాన్ 1901 నుండి 1926 వరకు స్వయముగా రాజ్యమేలి, బాలికల విద్యకు పాటుపడి, అలీగఢ్ విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఛాన్సలరుగా ఎన్నికైనది. తిరువాన్కూరున సేతులక్ష్మీబాయి 1924 నుండి 1931 వరకు రాజప్రతినిధిగా ఉత్తరువులు జారీ చేసెను. వారు కలముతో చేయగలిగిన పనిని చేయుటకు బస్తరు రాణికి కలము దక్కలేదు. ఆమె రాణి, సంతకము వేరొకరిది.

1927లో మయూరభంజ రాజకుటుంబమునకు చెందిన ప్రఫుల్లచంద్ర భంజదేవునితో ఆమెకు వివాహము జరిగెను. వారికి ఇరువురు కుమారులు, ఇరువురు కుమార్తెలు. జ్యేష్ఠపుత్రుడు ప్రవీరచంద్రుడు 1929వ సంవత్సరము జూను 25వ తేదీన జన్మించెను. చదువుకొన్నవాడు, స్వతంత్రభావములు గలవాడు నగు ఆ భర్త ఆంగ్ల ప్రభుత్వమునకు రుచింపలేదు. రాణి భర్తయే యైనను రాజ్యవ్యవహారములలో అతనిని దూరముగా నుంచుటకు ప్రభుత్వము యత్నించెను. నలుగురు బిడ్డల తల్లి, ఒకవైపు భర్త గౌరవము, ఒకవైపు పైయధికారుల ఆగ్రహము, నడుమ రాజధర్మము – ఆమె ఇరువదియేండ్ల ప్రాయము ఈ విధముగా గడచెను.

ఇట్టి స్థితిలో ఆమె చేతనైన కార్యమేది? పన్నులు తగ్గించుట ఆమె వశమున లేదు. అడవి చట్టము మార్చుట వశమున లేదు. కాని దంతేశ్వరికి ప్రధానభక్తుడు బస్తరు రాజే యను సంప్రదాయమును ఏ రెసిడెంటును తీసివేయలేడు. 1932, 33 సంవత్సరములలో ఆమె దంతేవాడ దేవాలయమును జీర్ణోద్ధరణ చేయించెను. గర్భగృహము, లోపలి మండపము రాతివి, వెలుపల సభామండపము, ముంగిట గరుడస్తంభము. గర్భగుడిలో నల్లరాతి మహిషమర్దినీ రూపమున షడ్భుజ దేవి కొలువున్నది. పురుషులు పంచె కట్టుకొనియే లోనికి పోవలెనను నియమము నేటికిని కలదు. మహారాజైనను, మాడియ పల్లెవాడైనను ఆ నియమము ఒక్కటే.

గుడి బాగుచేయుట ధనికులందరును చేయునదే కదా యని యెవరైన అనవచ్చును. బస్తరున అది అంత స్వల్పవిషయము కాదు. దసరా నాటికి పరగణాల నుండి గ్రామదేవతలందరును పల్లకీలలో, ధ్వజములతో జగదల్పూరు చేరుదురు. రథమునకు దూలములు తెచ్చువారు వేరు, చెక్కువారు వేరు, త్రాళ్లు పేనువారు వేరు, లాగువారు వేరు. ప్రతి గ్రామమునకు, ప్రతి తెగకు ఒక పని, ఆ పనియందు ఒక హక్కు. 1910లో తుపాకులతో చెదరగొట్టబడిన జనులకును రాజగృహమునకును మిగిలిన బంధము ఆ దేవి సన్నిధియే. కచ్చేరిలో మాట చెల్లని రాణి గుడిముంగిట తన ప్రజలను కలిసికొనగలిగెను. పగిలిన గోడను కట్టించుటలో ఆమె ఆ బంధమును కూడ కాపాడెను.

1936వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన, లండను నగరమున, అపెండిసైటిసు శస్త్రచికిత్స అనంతరము ఆమె మరణించెను. ఇరువదియేడేండ్లు నిండలేదు. ఆ మరణమును గూర్చి బస్తరు ప్రజలలో పలు అనుమానములు పుట్టినవి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజము విషయమున ఆమె ఆంగ్లేయుల కోరికకు లొంగకపోవుటయే కారణమని చెప్పుకొనువారు నేటికిని కలరు. సాక్ష్యము లేని మాటను చరిత్ర యనరాదు. కాని అట్టి అనుమానము పుట్టుటయే ఒక సాక్ష్యము. తమ రాణి తమ కొండలకొరకు ఎదురు నిలిచినదని నమ్మ గోరిన ప్రజలు ఆమెను తమదానినిగా నెంచిరి. ఆంగ్లేయుల బొమ్మయని తలచియుండినచో ఆ కథ పుట్టెడిది కాదు.

ఆమె పోయిననాడే ఆరేండ్ల ప్రవీరచంద్రుడు రాజుగా ప్రకటింపబడెను. బిడ్డల సంరక్షణ భారమును ప్రభుత్వము తండ్రికి ఇయ్యలేదు. తన యధీనముననే ఉంచుకొనెను. తల్లి లేని, తండ్రి దరికి రాని నలుగురు పిల్లలు దొరల పర్యవేక్షణలో పెరిగిరి. ప్రఫుల్లకుమారి చేతినుండి అధికారము తీసికొనుటకంటె కూడ ఇది కఠినమైనది. కుమారునికి తండ్రి యింటి భంజదేవ నామము వచ్చెను. ప్రవీరచంద్రుడు పెద్దవాడై 1957లో శాసనసభకు ఎన్నికయ్యెను. ఆదివాసుల పక్షమున ప్రభుత్వముతో తలపడెను. 1966వ సంవత్సరము మార్చి 25వ తేదీన, జగదల్పూరు రాజభవన ప్రాంగణమున, పోలీసు కాల్పులలో మరణించెను. బస్తరు పల్లెలలో పూజా పటముల నడుమ అతని చిత్రమును నేటికిని చూడవచ్చును.

ఆ బైలదిల్లా కొండలు నేడు మనకు సుపరిచితములు. 1960 దశాబ్దమున కొత్తవలస నుండి కిరందూల్ వరకు కొండలు తొలిచి వేసిన రైలుమార్గమున ఆ ఇనుము విశాఖపట్టణము చేరుచున్నది. ఆ మార్గమున, ఆ గనులలో, ఆ రేవున పనిచేసిన కేంద్రప్రభుత్వ ఉద్యోగులలో తెలుగువారు ఎందరో. ఒకనాడు ఓరుగల్లు నుండి నడచిపోయిన దేవి అందెల కథకు, బస్తరు నుండి మనకు వచ్చు ఖనిజపు బండ్ల చప్పుడు వింతైన ప్రతిధ్వని.

జగదల్పూరులోని జిల్లా వైద్యశాలకు మహారాణి ఆసుపత్రి యని పేరు. అడవి పల్లెలనుండి బాలింతలు, జ్వరపీడితులు, పాముకాటు తిన్నవారు అక్కడికి వత్తురు. వారిలో హెచ్చుమంది ఆ మహారాణి యెవరో ఎరుగరు. పరదేశమున శస్త్రచికిత్స పిదప కన్నుమూసిన యువతి పేరు వైద్యశాలకు నిలుచుట యాదృచ్ఛికము కావచ్చును; కాని మల్కాపుర శాసనమున ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భూమి నిచ్చిన వంశపు పేరున అది తగియున్నది. రుద్రమ తన చేతితో ఇచ్చెను. ప్రఫుల్లకుమారికి ఇచ్చుటకు చేయి లేకుండ చేసిరి. అయినను ఆమె పేరు గుడి వద్దను, వైద్యశాల వద్దను మిగిలినది. ఆమెకు బదులు సంతకములు చేసిన దివానుల పేర్లు దస్త్రములలో వెదకికొనవలెను.

ఇక మిగిలినది బడి. 1910లో కాలిపోయినది అదియే. గుడిని రాణి బాగుచేయించెను; ఆసుపత్రి ఆమె పేరున నిలిచెను; బస్తరు బిడ్డకు తన భాషలో, భయము లేని చదువు అందించుటయను మూడవ పని ఆమె కాలమున తీరలేదు, ఆ అడవులలో నేటికిని పూర్తిగా తీరలేదు. గత దశాబ్దముల కలహములలో అక్కడి పాఠశాలలు మరల కూలినవి, మూతపడినవి, మరల తెరువబడుచున్నవి. అచ్చటికి బదిలీపై పోవు ఉపాధ్యాయుడో, వైద్యుడో, గుమాస్తాయో మన తెలుగువాడైనచో, తాను పరాయి సీమకు పోవుట లేదని తెలిసికొనును గాక. జగదల్పూరు చేరిననాడు ఆ ఆసుపత్రి పేరు చదివి, ఆ పేరు గల తల్లిని ఒక్క క్షణము స్మరించి, తన పనికి పోవును గాక.